గుండం దగ్గర ఒకటి, కోర్టులో ఒకటి

పత్తికొండ టమాటా మార్కెట్టు వెనక సందులో గుల్షన్ బీ అంగడి ఉంది. అంగడి అంటే పెద్దదేమీ కాదు, ముందు ఒక రేకుల పంచ, లోపల దూది మూటలు. బూరుగుదూది పరుపు కొత్తగా కుట్టాలన్నా, అట్టకట్టిన పాత పరుపు విప్పి మళ్లీ కుట్టాలన్నా ఆ చుట్టుపక్కల ఇప్పుడు మిగిలింది ఆమె ఒక్కతే. రబ్బరు పరుపులొచ్చి పని సగం పోయింది. మిగిలిన సగంతోనే అరవై ఏళ్ల మనిషి ఎవరి ముందూ చెయ్యి చాపకుండా బతుకుతోంది. మనిషి పొట్టి, గొంతు మాత్రం గట్టిది. పరుపు బాగాలేదని పేచీ పెట్టడానికి వచ్చినవాళ్లు ఇంకో దిండు కుట్టించుకుని పోయిన సందర్భాలున్నాయి.

ఆ వేసవిలో మార్కెట్టులో టమాటా ధర కంటే ఎక్కువగా నలిగిన సంగతి ఒకటే, రంగన్నకు శాంతి బహుమతి వస్తుందా, రాదా అని. రంగన్నది ఆ పక్కనే ఉన్న ఎర్రవంక. అక్కడ పుట్టి, ఎమ్మెల్యే అయి, ఎంపీ అయి, ఇప్పుడు ఢిల్లీలో పెద్ద కుర్చీలో కూర్చున్నాడు. ఎక్కడో తూర్పు కొండల్లో తరాలుగా కొట్టుకు చస్తున్న రెండు తెగలను ఒక గదిలో కూర్చోబెట్టి తుపాకులు కింద పెట్టించాడని పేపర్లు రాశాయి. విదేశాల్లో ఇచ్చే పెద్ద శాంతి బహుమతికి ఆయన పేరు పంపారని టీవీలు చెప్పాయి. అంతే, టీ అంగడి ముందు జనం రెండు జట్లుగా చీలిపోయారు.

మూటలు మోసే ఉరుకుందప్ప రంగన్నకు బహుమతి ఎందుకనే జట్టు. ఒకప్పుడు ఆయన కూడా బాంబులు చుట్టించినవాడే కదా, చుట్టించడం మానేస్తే బహుమతిస్తారా, అట్లయితే జీవితంలో బాంబు ముట్టని నాకేమివ్వాలి అని అతని వాదన. అందరూ నవ్వారు. పంచలో కూర్చుని దూది చిక్కుతీస్తున్న గుల్షన్ బీ నవ్వలేదు. లేచి, చీరకు అంటిన దూది దులుపుకుని టీ అంగడి దాకా వచ్చింది.

"పీనుగ లేచింది నా ఇంట్లో, ఉరుకుందప్పా, మీ ఇంట్లో గాదు. ఆయప్ప రాజీ చేసినాక మా ఊర్లో ఒక్క తల తెగల్యా. ఆయప్పకు ఇయ్యకపోతే ఇంగెవరికిస్తారు?"

ఉరుకుందప్ప నోరు మూసుకుని టీ తాగాడు. మొగుణ్ణి బాంబుకు పోగొట్టుకున్న మనిషే ఇవ్వాలంటుంటే కాదనే హక్కు ఎవరికుంది? ఆ మాటతో ఆ రోజుకు తగువు తీరిపోయింది. ఇట్లా ఆ వేసవిలో నాలుగైదుసార్లు ఆమె రంగన్నను గెలిపించింది. ఢిల్లీలో ఆయనకు ఎంతమంది వకాల్తాదార్లున్నారో కానీ, పత్తికొండలో మాత్రం ఈమె ఒక్కతే చాలింది.

ఆ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలంటే ఇరవై ఏడేళ్లు వెనక్కి పోవాలి.

అప్పుడు ఎర్రవంకలో రెండు పార్టీలుండేవి. ఒకటి రంగన్నది, రెండోది ఆయన దాయాది చెన్నప్పది. మూడేళ్లలో రెండు వైపులా కలిపి ఐదుగురు పోయారు. గుల్షన్ బీ భర్త మాబు సాహెబు ఏ పార్టీ కాదు. దూదేకులవాడికి పార్టీ ఏముంటుంది? ఎవరింట్లో పెళ్లి జరిగితే వాళ్లింట్లో పరుపు కుట్టడమే. భుజాన దూది ఏకే విల్లుతో, ఇంకో భుజాన సంచితో ఆయన ముందు నడిస్తే ఆమె వెనక నడిచేది. ఆయన దూది ఏకితే ఆమె కుట్టేది.

ఒకరోజు చెన్నప్ప కూతురి పెళ్లికని రెండు పరుపులు, నాలుగు దిండ్లు కుట్టిచ్చి, పొద్దు వాలుతుండగా ఇద్దరూ డొంకదారిన ఇంటికి వస్తున్నారు. వెనక నుంచి చెన్నప్ప జీపు వచ్చింది. ఇద్దరూ పక్కకు తప్పుకున్నారు. అంతలో కందిచేలోంచి నలుగురు లేచి జీపు మీదికి బాంబులు విసిరారు. జీపు దూసుకుని వెళ్లిపోయింది. దానికి తగలాల్సింది మాబు సాహెబు కాళ్ల దగ్గర పడింది.

దుమ్ము తగ్గాక గుల్షన్ బీ తలెత్తి చూసింది. చేను గట్టు మీద నిలబడి ఉన్నది రంగన్న తమ్ముడు తిమ్మయ్య. నెల కిందటే తిమ్మయ్యకు కొడుకు పుడితే ఉయ్యాలలోకి చిన్న పరుపు కుట్టిచ్చింది, దుడ్లు కూడా వద్దంది. తిమ్మయ్య కూడా ఆమెను చూశాడు. ఒక్క క్షణం నిలబడి, తర్వాత చేలో పడి పారిపోయాడు.

కళ్లారా చూసిన సాక్షి ఆమె ఒక్కతే. పోలీసులకు తిమ్మయ్య పేరే చెప్పింది. తిమ్మయ్యను పట్టుకుపోయారు, మూడు వారాలకు బెయిలు మీద వచ్చాడు. తన ఇంట్లో పని చేసి పోతున్న మనిషిని చంపారని చెన్నప్ప రెచ్చిపోయాడు. నలభై దినాలలోపు తిమ్మయ్య తల తీస్తానని ఊరంతా వినేలా అన్నాడు. ఊళ్లో ఎవరూ నిద్రపోలేదు. మగవాళ్లు పొలాలకు పోవడం మానేశారు.

అప్పుడు రంగన్న గుల్షన్ బీ ఇంటికి వచ్చాడు. పదేళ్ల కూతురు ఫిరోజాను పక్కన పొదువుకుని ఆమె గోడకు ఆనుకుని ఉంది. ఆయన చాప కూడా అడక్కుండా నేల మీద కూర్చున్నాడు. తను చెన్నప్పతో మాట్లాడానని, ఇద్దరూ కేసులన్నీ వదులుకుని రాజీ పడటానికి ఒప్పుకున్నారని చెప్పాడు. మిగతా కేసుల్లో చూసిన సాక్షులు లేరు, వాటంతటవే పోతాయి. నిలబడేది ఆమె కేసు ఒక్కటే. అది నిలబడితే రాజీ నిలబడదు. ఇంకో ఐదుగురు పోతారు, ఆ తర్వాత ఇంకో ఐదుగురు. ఈ పిల్ల ఈ ఊళ్లోనే పెరగాలి కదా అన్నాడు.

 ఆమె ఒక్కటే అడిగింది. తన మొగుడు ఏ తప్పూ చేయలేదు, ఏ పార్టీలో తిరగలేదు, ఆ మాట ఎవరు చెప్తారు? రంగన్న తడుముకోకుండా జవాబిచ్చాడు. తిమ్మయ్యతోనే చెప్పిస్తానని, గుండం దగ్గర చెప్పిస్తానని, ఊరంతా వింటుందని.

ఎర్రవంక పీర్ల చావిడి ముందర గుండం ఉంది. పీర్ల పండగకు నిప్పులతో కణకణలాడే ఆ గుంతను మిగతా రోజుల్లో మట్టితో పూడ్చి ఉంచుతారు. హిందువైనా, సాయిబైనా ఆ మట్టి మీద నిలబడి అబద్ధమాడిన మనిషి ఆ ఊళ్లో లేడు. దొంగతనమైనా, గట్టు తగాదా అయినా అక్కడే తేలేది. కోర్టు సంగతి వేరు. కోర్టులో వకీలు నేర్పింది చెప్పిరావాలి, దాన్ని అబద్ధం అని కూడా ఎవరూ అనుకునేవాళ్లు కాదు. బస్సెక్కి పోయి చేసొచ్చే ఒక పని, అంతే.

ఒక గురువారం పొద్దున తిమ్మయ్య నెత్తిన రెండు బిందెల నీళ్లు పోసుకుని, తడి పంచెతో గుండం మట్టి మీద నిలబడ్డాడు. కాశీం స్వామి పీరును ఎత్తే దాసన్న చావిడిలోంచి నెమలీకల కట్ట తెచ్చి అతని తల మీద పెట్టాడు. రెండు పార్టీల జనం, ఆడవాళ్లు, పిల్లలు, మూడు వందల మందికి తక్కువ కారు, అందరూ వింటుండగా తిమ్మయ్య చెప్పాడు. మాబు సాహెబును చంపింది తనేనని, ఆ మనిషి తప్పేమీ లేదని, జీపుకు గురిపెడితే ఆయనకు తగిలిందని. చెప్పి, వచ్చి గుల్షన్ బీ కాళ్ల మీద పడ్డాడు. తర్వాత రంగన్న వంగి ఆ మట్టి మీద చెయ్యి పెట్టాడు. ఈమె తనకు తోడబుట్టినదని, మాబు సాహెబు నిర్దోషి అనే మాట తను బతికినంతకాలం తన నోట ఉంటుందని ప్రమాణం చేశాడు. లేచి, ఆమెకు మాత్రమే వినపడేలా ఇంకో మాట అన్నాడు.

"నిజం ఈడ చెప్పేసినాం మా. కోర్టుది ఉత్త కాగితం. ఆడ ఏం చెప్పినా తప్పుల్యా."

ఆమెకు అది న్యాయంగానే తోచింది. ఆమెకేమిటి, ఊరందరికీ అట్లాగే తోచింది. నిజాన్ని గుండానికి ఇచ్చారు, అబద్ధాన్ని కోర్టుకు ఇచ్చారు. రెంటిలో ఏది ఎక్కువకాలం ఉంటుందో ఆ రోజు ఒక్కరూ ఆలోచించలేదు.

జిల్లా కోర్టులో ఆమె బోనెక్కి, శబ్దం వినపడిందని, తిరిగి చూసేసరికి మొగుడు పడి ఉన్నాడని, ఎవరినీ చూడలేదని చెప్పింది. అయిపోయిందనుకుని దిగబోతుంటే తిమ్మయ్య తరఫు ప్లీడరు ఆపాడు. మీ ఆయన భుజాన సంచి ఉండిందా అని అడిగాడు. ఉండిందని చెప్పింది. అందులో ఏముండిందో తెలుసా అని అడిగాడు. ఈ ప్రశ్న వస్తుందని, తెలీదని చెప్పమని ముందురోజే నేర్పారు. ఎందుకో మాత్రం చెప్పలేదు. ఆమెకు తెలియకేం? సూదులు, దారపుండలు, చెన్నప్ప భార్య ఫిరోజా కోసం కట్టిచ్చిన బొరుగుల పొట్లం. ఆ పొట్లాన్ని సంచిలో పెట్టింది ఆమె చేత్తోనే.

"తెలీదు సామీ," అంది గుల్షన్ బీ.

కేసు కొట్టేశారు. రాజీ నిలబడింది. ఆ తర్వాత ఎర్రవంకలో నిజంగానే ఒక్క చావు కూడా లేదు, ఈ మాటలో అబద్ధం లేదు. ఆ శాంతిని చూపించి రంగన్న ఎమ్మెల్యే అయ్యాడు. ఆ డొంకదారిన నడవలేక గుల్షన్ బీ పిల్లను తీసుకుని పత్తికొండకు వచ్చేసింది. పరుపులు కుట్టి ఫిరోజాను పెంచింది, కడపలో ఇచ్చి పెళ్లి చేసింది. రంగన్న కారు పత్తికొండ మీదుగా పోతే ఆమె అంగడి ముందు ఆగేది. ఆయన దిగి, చెంబుడు నీళ్లు తాగి, బాగుండావా మా అని అడిగి పోయేవాడు. మూడేళ్ల కిందట తిమ్మయ్య గుండెపోటుతో పోతే ఆమె ఎర్రవంకకు పోయి ఏడ్చి వచ్చింది కూడా. గుండం దగ్గర చెప్పిన మనిషి మీద ఆమెకు కోపం మిగల్లేదు.

ఇదీ ఆమె నమ్మకం. దీని కోసమే ఉరుకుందప్ప నోరు మూయించింది.

ఎర్రవంకలో పెడుతున్న శాంతి సభకు పిలవడానికి భూపేష్ వచ్చిన రోజు కడప నుంచి మనవరాలు ఫర్హానా కూడా వచ్చి ఉంది. భూపేష్ తిమ్మయ్య కొడుకు. ఆ ఉయ్యాల పరుపులో పడుకున్నవాడే. హైదరాబాదులో పెద్ద చదువు చదివి, ఢిల్లీలో పెదనాన్న దగ్గరే ఉంటున్నాడు. వచ్చీరాగానే వంగి గుల్షన్ బీ కాళ్లు మొక్కాడు. పై దేశాల నుంచి కొందరు పెద్దలు ఎర్రవంక చూడటానికి వస్తున్నారట. సభలో ఆమె రంగన్న పక్కన కుర్చీలో కూర్చోవాలి, రెండు ముక్కలు మాట్లాడాలి. రంగన్న గురించి తను రాసిన పుస్తకం ఒకటి చేతిలో పెట్టాడు. దాన్నే బహుమతి ఇచ్చేవాళ్లకూ పంపారట. ఇంగ్లీషు పుస్తకం, నున్నటి కాగితం, అట్ట మీద రంగన్న నవ్వుతూ ఉన్నాడు.

అతను పోగానే గుల్షన్ బీ చేతులు కడుక్కుని వచ్చి ఫర్హానా పక్కన కూర్చుంది. అందులో తాత పేరుందేమో చూడమంది. ఉంటుందని ఆమెకు తెలుసు. గుండం మీద చెయ్యి పెట్టి రంగన్న చెప్పిన మాట అది. ఫర్హానా పేజీలు తిప్పి ఒకచోట ఆగింది. ఆ పేజీనే మళ్లీ మొదటి నుంచి లోలోపల చదువుకుంటోంది. అవ్వ మోచేత్తో పొడిచింది. చెప్పడానికేం, కడపలో డిగ్రీ చదువుతున్న పిల్ల, ఇంగ్లీషు రాదా ఏమి?

"అవ్వా, ఇది తప్పు రాసినారు," అంది ఫర్హానా.

తప్పో ఒప్పో చదవమంది అవ్వ. ఫర్హానా తల దించుకుని, ఒక్కో వాక్యం చూసుకుంటూ తెలుగులో చెప్పింది. ఎర్రవంకలో చివరి చావు మాబు సాహెబు అనే పరుపుల పనివాడిదట. ఒక వర్గం కోసం సంచిలో నాటుబాంబులు మోసుకుపోతుంటే అవి పేలి చచ్చిపోయాడట. రాజకీయ కక్షలు పూట గడవని పేదవాణ్ణి కూడా ఎట్లా చెడగొట్టాయో చెప్పడానికి ఇదొక ఉదాహరణట. అట్లాంటివాడి భార్యను కూడా రంగన్న అసహ్యించుకోకుండా చెల్లెలిగా ఆదరించాడట. ఆయన క్షమాగుణానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలని అడిగారట. కింద చిన్న అక్షరాల్లో, ఇది జిల్లా కోర్టు తీర్పును బట్టి రాశామని ఉంది.

గుల్షన్ బీ ఆ మాటలు మూడుసార్లు చెప్పించుకుంది. మూడోసారికి ఫర్హానా ఏడుస్తోంది. అవ్వ ఏడవలేదు. ఆమెకు ముందు కోపం కూడా రాలేదు, సిగ్గేసింది. ఇరవై ఏడేళ్లుగా ఆ మనిషికి చెంబుతో నీళ్లిచ్చిన చేతిని చూసుకుంది. టీ అంగడి ముందు నిలబడి అరిచిన అరుపులు గుర్తొచ్చాయి. తర్వాత వచ్చింది కోపం. ఎట్లాంటివాడి భార్యను? ఎవరు ఎవరిని క్షమించారు?

మరునాడు పొద్దున్నే బస్సెక్కి ఎర్రవంక పోయింది. రంగన్న మరిచిపోయినా గుండం దగ్గర విన్నవాళ్లున్నారు కదా అని ఆమె ధైర్యం. ఊరి మొదట్లో కొత్త కమాను కట్టారు. శాంతి గ్రామం అని రంగులతో రాస్తున్నారు. సిమెంటు రోడ్డు పడుతోంది. కుళాయి దగ్గర ఒక కోడలు పిల్ల బిందె నింపుకుంటోంది. ఈమెను ఎరగదు. సభ చూడటానికి వచ్చావా అవ్వా అని పలకరించి, తనకు తెలిసిన ఊరి కథంతా చెప్పింది. ఇదివరకు ఈడ శానా కొట్టుకునేవాళ్లంట, ఒక సాయిబు బాంబులు మోస్తామోస్తా ఆ డొంకలోనే చచ్చినాడంట, రంగన్న వచ్చి అన్నీ మాన్పించినాడంట. గుల్షన్ బీ తల ఊపి ముందుకు నడిచింది. 

దాసన్న చావిడి అరుగు మీదే ఉన్నాడు. డెబ్బై ఐదు దాటినా చూపు బాగానే ఉంది, ఆమెను దూరం నుంచే గుర్తుపట్టాడు. మంచినీళ్లు తెప్పించాడు, పిల్ల గురించి అడిగాడు. ఆమె అసలు మాట ఎత్తగానే ఆయన చూపు గుండం మీదికి పోయి, అక్కడి నుంచి ఎక్కడికో పోయింది. ఆ కాలం సంగతులు తనకు సరిగా గుర్తులేవన్నాడు. తిమ్మయ్య నెత్తిన నెమలీకల కట్ట పెట్టింది నువ్వే కదా అని ఆమె అడిగింది. ఎందరి నెత్తినో పెట్టాను, అందరూ గుర్తుంటారా అన్నాడు. ఆమె కదల్లేదు. చివరకు ఆయనే తగ్గాడు, గొంతు తగ్గించి చెప్పాడు.

"నా కొడుక్కి రోడ్డు కాంట్రాక్టు ఇచ్చినారు గుల్షన్ బీ. ఆ బహుమతి వస్తే ఊరికి ఆస్పత్రి అంటాండారు. చచ్చినోడు ఎట్లయినా చచ్చినాడు. బతికినోళ్ల నోటికాడ కూడు తీయొద్దు."

ఆ పక్క ఈ పక్క ఇంకో ఆరేడు ఇళ్లు తిరిగింది. కొందరు పోయారు. ఉన్నవాళ్లలో కొందరు నీళ్లు నమిలారు, కొందరు పొయ్యి మీద కూర మాడుతోందని లోపలికి పోయారు. చెన్నప్ప పోయి పదేళ్లయింది. ఆయన కొడుకు రంగన్న పార్టీలోనే ఉన్నాడు, సభకు పందిరి ఆయనే వేయిస్తున్నాడు. మూడు వందల మందికి చెప్పిన నిజం ఒక్కరి దగ్గర కూడా లేదు. గుల్షన్ బీ మధ్యాహ్నం ఎండలో ఒక్కతే కమాను కింద బస్సు కోసం నిలబడింది.

రంగన్న మంత్రాలయం వచ్చి ఉన్నాడని తెలిసి భూపేష్‌కు ఫోను చేయించింది. సభలో ఏం మాట్లాడాలో అడగడానికేమో అనుకుని అతను సంతోషంగా కారు తెచ్చాడు. దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. తను పుట్టిన ఏడాదే ఊళ్లో రాజీ అయిందని, అందుకే ఆ పుస్తకం రాయాలనిపించిందని చెప్పాడు. పోయేముందు వాళ్ల నాన్న రెండుసార్లు గుల్షన్ బీ పేరు పలికాడట, ఎందుకో తమకెవరికీ అర్థం కాలేదట. ఆమె అతని ముఖం వంక చూసింది. కళ్లలో ఏమీ దాపరికం లేదు. ఈ పిల్లవాడికి తెలియదు. ఎవరూ చెప్పలేదు. తీర్పు దొరికింది, చదివాడు, నమ్మాడు, రాశాడు.

తుంగభద్ర కనపడే గదిలో రంగన్న మఠంలో దర్శనం చేసుకొచ్చి కూర్చున్నాడు. అందరినీ బయటికి పంపాడు. ప్రసాదం ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని బల్ల మీద పెట్టి, ఆ పుస్తకం ఎందుకట్లా రాయించావని అడిగింది. ఆయన బుకాయించలేదు. చూశానని, అచ్చయ్యాకే చూశానని, చూసినా ఏం చేయలేకపోయానని అన్నాడు.

"అది నేను చెప్పింది గాదు మా. కోర్టు రాసింది. నువ్వు ఆడ చెప్పినదాన్ని బట్టి రాసింది."

గుండం దగ్గర నువ్వు చెప్పిందో అని ఆమె అడిగింది. దానికి కాగితం లేదు కదా అన్నాడు రంగన్న. ఆ దేశాలవాళ్లు కాగితం చూసే నమ్ముతారు, గుండం అంటే వాళ్లకేం తెలుసు అన్నాడు. కోర్టుది ఉత్త కాగితం అన్నది నువ్వే కదన్నా అని ఆమె అంది.  ఆయన మెల్లగా, ఓపికగా, తెలియనివాళ్లకు చెప్పినట్టు చెప్పుకొచ్చాడు. ఇప్పుడు తిమ్మయ్య పేరు బయటికి వస్తే బహుమతి ఒక్కటే కాదు, రాజీ కూడా పోతుంది. అన్న తమ్ముణ్ణి కాపాడుకోవడానికి ఆడిన నాటకం అంటారు. తండ్రి ఖూనీకోరని తెలిస్తే భూపేష్ ఏమైపోతాడు? మాబు సాహెబు పోయి ఇరవై ఏడేళ్లయింది, ఆయనకు ఇప్పుడు పేరుతో పనేముంది?

గుల్షన్ బీకి అప్పుడు అర్థమైంది. ఆయన మరిచిపోలేదు. గుండం మీద చెయ్యి పెట్టినప్పుడు కూడా ఈ మనిషికి ఏది నిలుస్తుందో, ఏది పోతుందో తెలుసు. సంచి గురించి అడిగించింది ఊరికే కాదు. తెలీదు అనే ఆ ఒక్క మాట కోసమే, దాన్ని పట్టుకుని సంచిలో బాంబులే పేలాయని తీర్పు రాయించడానికే అడిగించారు. తమ్ముడి మీద మచ్చ లేకుండా చేయడానికి ఆమె నోటితోనే ఆమె మొగుడి సంచిలో బాంబులు పెట్టించారు. తోడబుట్టినవాడు చేసే పనేనా ఇది? ఆమెకు ఆ గదిలో కూర్చోబుద్ధి కాలేదు.

"నేను జరిగింది చెప్తా," అంది లేస్తూ.

రంగన్న కూడా లేచాడు. ఆయన గొంతులో బెదిరింపు లేదు, జాలే ఉంది. అదే ఆమెకు ఎక్కువ నొప్పి కలిగించింది.

"నీ మంచికే చెప్తాండా. ఇప్పుడు మాట మారిస్తే నువ్వు కోర్టులో ప్రమాణం చేసి అబద్ధమాడినట్ల అయితాది. అది నేరం మా. ఈ వయసులో జైలుకు పోతావా?"

బయట భూపేష్ కారు తలుపు తెరిచి నిలబడ్డాడు. పెదనాన్న ఏమన్నాడవ్వా అని అడిగాడు. నీ పుస్తకం బాగుందన్నాడు నాయనా అని చెప్పి ఎక్కి కూర్చుంది. చెప్పాల్సిన చోటు అది కాదని ఆమెకు తెలుసు. నోటితో చెప్పిన నిజం ఏమైపోతుందో ఎర్రవంకలో చూసి వచ్చిన మనిషి.

సభ రోజు పొద్దున ఆమెను తీసుకుపోవడానికి కారు వచ్చేసరికి అంగడికి తాళం వేసి ఉంది. టీ అంగడి దగ్గర ఉరుకుందప్పను అడిగారు, మనవరాలితో కలిసి కోర్టు వైపు పోయిందని అతను చెప్పాడు.

ప్లీడరు మధులత గదిలో పాత ఫ్యాను తిరుగుతోంది. ఆమె ముందు ఫర్హానా పుస్తకం తెరిచి పెట్టింది. గుల్షన్ బీ మొదటి నుంచి చివరిదాకా ఏదీ దాచకుండా చెప్పింది. మధులత మధ్యలో అడ్డు రాలేదు. అంతా విని, కళ్లజోడు తీసి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. తిమ్మయ్య పోయాడు కాబట్టి ఆ కేసు మళ్లీ తెరిచేది లేదు. పుస్తకం మీద దావా వేస్తే వాళ్లు ఆ తీర్పే చూపిస్తారు, ఓడిపోతాం. పేపరువాళ్లకు చెప్తే ప్రతిపక్షం వాళ్లు చెప్పించారంటారు. సాక్షులు లేరు. ఇంక మిగిలింది ఒకటే, అది దారి కాదు.

ఏమిటని అడిగింది గుల్షన్ బీ.

నేనే అబద్ధపు సాక్ష్యం చెప్పానని కోర్టుకు అర్జీ పెట్టుకోవడం అంది మధులత. ఇన్నేళ్ల తర్వాత కోర్టు తీసుకుంటుందో లేదో తెలియదు. తీసుకుంటే మాత్రం ముద్దాయివి నువ్వే, ఇంకెవరూ కాదు, శిక్ష కూడా నీకే. ఏ ప్లీడరూ తన దగ్గరికి వచ్చిన మనిషికి అట్లాంటి సలహా ఇవ్వడని, ఇంటికి పోయి ఆలోచించుకోమని చెప్పింది. ఫర్హానా అవ్వ చెయ్యి పట్టుకుని, వద్దవ్వా, పోదాం పద అంది.

గుల్షన్ బీ చెయ్యి విడిపించుకుంది.

"శిక్ష ఏస్తే, ఎందుకేసినారో కాగితంలో రాస్తారా మా?"

రాస్తారంది మధులత. ఏ కేసులో, ఏ రోజు, ఏం అబద్ధం చెప్పింది, అసలు జరిగింది ఏమిటి, అన్నీ రాయాల్సిందే.

"నా మొగుడు బాంబులు మోయల్యా అని గూడా రాస్తారా?"

 మధులత కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. నువ్వు అబద్ధం చెప్పావని రుజువైతే అదీ రాయకుండా తీర్పు రాయడం కుదరదని చెప్పింది.

"అట్లయితే నా మీద కేసు పెట్టించు," అంది గుల్షన్ బీ.